దిగులును దేవుడును
భోగాపురమునకు దిగువనున్న ముక్కాము, చేపలకంచేరు మొదలగు పల్లెల జాలరులకు సముద్రము అన్నము పెట్టు తల్లియే యైనను, ప్రొద్దుగ్రుంకినను పడవ కానరానినాడు ఇంటిల్లిపాదికిని గుండెదిగులు. ఈ తీరముననే, విశాఖపట్టణపు రేవును కనిపెట్టుకొని యున్నట్లు, దర్గాకొండపై ఇషాక్ మదీనా ఔలియా సమాధి గలదు. బంగాళాఖాతపు గాలులు ఆ మహనీయుని యాజ్ఞకు లోబడునను నమ్మికచే, ఓడ క్షేమముగా మరలి వచ్చినపిమ్మట హిందువులైన ఓడల యజమానులు సైతము వెండితో చేయించిన చిన్నపడవలను అచట సమర్పించుచుండిరని 1907 నాటి జిల్లా గెజెటీరు చెప్పుచున్నది. చుక్కానికి లొంగని భయము మ్రొక్కుగా మారినప్పుడు దానికొక పరిమాణ మేర్పడును. ఇంత వెండి, ఇంత పని, అంతటితో ఋణము తీరును. విజయనగరము బాబామెట్టలోని ఖాదర్ వలీ దర్గాకును మతభేదము లేక జనులు పోవుదురు.

సమాధులకు మ్రొక్కుట ధర్మసమ్మతమా కాదా యని ముసల్మానులలోనే వాదము గలదు. దాని నటుంచుదము. ఒంటెను విడిచిపెట్టి అల్లాహ్‌ను నమ్ముకొందునా యని యడిగినవానితో, మొదట కట్టివేసి ఆపై నమ్ముమని ప్రవక్త చెప్పెనను హదీసు ఇరుపక్షములకును శిరోధార్యమే. చింతనుండియు దుఃఖమునుండియు రక్షింపుమని ఆయనయే దువా చేయుచుండెడివాడు. దిగులుపడుట ఈమాను, అనగా విశ్వాసపు, లోపమని సాటివానిని నిందించు పెద్దలు ఈ సంగతి నేల మరతురో తెలియదు. తొమ్మిది, పది శతాబ్దులలో జీవించిన అబూ జైద్ అల్ బల్ఖీ యను పండితుడు, రోగము రాకమునుపే ఇంట మందులుంచుకొనునట్లు, మనసు నెమ్మదిగా నున్నప్పుడే ధైర్యము నిచ్చు తలపులను కూర్చిపెట్టుకొనవలెనని వ్రాసినాడు.

అయితే భక్తియే భయమునకు నెలవైపోవుటయు గలదు. నమాజునకు ముందు వజూ చేయ కూర్చున్నవాడు మోచేతులవరకు ముమ్మారు కడిగికొని, ఎచటనో తడి తగులలేదను శంకతో నాలుగవమారు, పదవమారు కడుగును. లోపల జమాతు, అనగా సామూహిక ప్రార్థన, ప్రారంభమైనను పంపు కట్టలేడు. దీనినే వస్వాసా యందురు. పని ముగిసినపిమ్మట పుట్టిన సందేహమును లెక్కచేయవలదని ధర్మశాస్త్రజ్ఞులు ఏనాడో తీర్పు చెప్పినారు. నేటి మనోవైద్యులును రోగిని మరల కడుగనీయక, ఆ శంకతోనే కొంతసేపు నిలిపియుంచి చికిత్స చేయుదురు. ఇమాము చెప్పినను, వైద్యుడు చెప్పినను మందొక్కటే యగుట నాకు మిక్కిలి సంతోషము కలిగించిన విషయము.

దర్గానీడలో వైద్యమును మరచినచో నేమగునో 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాటి ఏర్వాడిలో లోకము చూచినది. గొలుసులతో బంధింపబడిన మనోరోగులు, ఆశ్రమపు పాక అంటుకొనగా పరుగెత్తలేక, 28 మంది మరణించిరి. మనోరోగులకు సంకెలలు వేయరాదని 2017 నాటి చట్టము నిషేధించినది. భోగాపురము వారికి విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల గలదు. అంతదూరము పోలేనివారు మనోవ్యథలకై ఏర్పరచిన 14416 సహాయసంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే తమ బాధ చెప్పుకొనవచ్చును. చేతికి తావీజు ఉన్నదని వారెవ్వరును పొమ్మనరు.