పాచిక వేసి పేర్చే చదరంగం

మా నంబులపూలకుంటలో ఒక శనివారం ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలు చదరంగం ఆడుతున్నారు. అబ్బాయి వేసవి సెలవుల్లో బెంగళూరులో మామయ్య ఇంట పుస్తకం చూసి మొదటి పన్నెండు ఎత్తులు కంఠస్థం చేసుకొచ్చాడు. అమ్మాయి ప్రతి ఎత్తుకూ ఆలోచిస్తుంటే వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. గెలిచాడు కూడా. "సార్, వాడు ఆడలేదు, ఒప్పజెప్పాడు" అందా అమ్మాయి.

పిల్లలూ, ఒకప్పటి ప్రపంచ విజేత, అమెరికా ఆటగాడు బాబీ ఫిషర్‌కూ ఇదే బాధ. 1996 జూన్ 19న అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్‌లో ఆయన ఒక కొత్త పద్ధతి ప్రకటించాడు. బంట్లు ఎప్పటి చోటనే ఉంటాయి. వెనుక వరుసలోని ఎనిమిది పావులను మాత్రం ప్రతి ఆటకూ కలిపి పేర్చాలి. తెల్లవాటి ఎదురుగా నల్లవీ అదే వరుసలో నిలుస్తాయి. నియమాలు రెండే: రెండు శకట్లు, అంటే ఐమూలగా నడిచే పావులు, వేర్వేరు రంగు గడుల్లో ఉండాలి, రాజు రెండు ఏనుగుల నడుమ ఉండాలి.

ఇలాంటి అమరికలెన్ని? నల్లగడి శకటుకు 4 చోట్లు, తెల్లగడి శకటుకు 4. మిగిలిన 6 గడుల్లో మంత్రికి 6 చోట్లు. తర్వాతి 5 గడుల్లో రెండు గుర్రాలను 10 విధాల పెట్టవచ్చు. చివరి మూడు గడుల్లో ఏనుగు, రాజు, ఏనుగు - ఒకటే దారి. 4 × 4 × 6 × 10 = 960. మనం రోజూ ఆడే అమరిక అందులో ఒకటి మాత్రమే!

పేర్చడానికి ఒక పాచిక చాలు. ఖాళీ గడులను ఎడమనుంచి లెక్కపెట్టాలి. మాకు నల్లగడి శకటుకు 3, తెల్లగడి శకటుకు 1, మంత్రికి 6, గుర్రాలకు 2, 4 పడ్డాయి. వచ్చిన వరుస: ఏనుగు, శకటు, గుర్రం, రాజు, శకటు, ఏనుగు, గుర్రం, మంత్రి. మంత్రి మూలన కూర్చుంది!

శకటుకు 5 గాని 6 గాని పడితే? "5ని 1 అనుకుందాం సార్, 6ని 2" అన్నాడొకడు. అది తప్పు. అప్పుడు 1, 2 గడులకు ఆరింట రెండు అవకాశాలు, 3, 4 గడులకు ఒక్కొక్కటే. అందుకే మళ్లీ వేయాలి. పాచిక లేకుంటే ఆరు చీటీలు తీయండి. రబ్బరుముక్క మీద అంకెలు వేస్తే కుదరదు, అది వెడల్పు వైపే ఎక్కువగా పడుతుంది.

కోట కట్టినప్పుడు రాజు, ఏనుగు మామూలు ఆటలో చేరే గడులకే చేరతాయి. పోటీలో ఒక్కో రౌండుకు అన్ని బల్లలకూ ఒకే అమరిక ఇవ్వండి. కొన్ని అమరికలు తెల్లవాటికి కాస్త ఎక్కువ అనుకూలం. కనుక రంగులు మార్చుకొని అదే అమరికను రెండోసారి ఆడించడం న్యాయం.

ప్రపంచ చదరంగ సమాఖ్య గుర్తింపుతో ఈ ఆటకు తొలి ప్రపంచ పోటీ 2019లో జరిగింది. వెస్లీ సో గెలిచాడు. 2025 జూలైలో లాస్ వేగాస్‌లో జరిగిన ఇలాంటి పెద్ద పోటీలో మన వరంగల్ యువకుడు ఎరిగైసి అర్జున్ సెమీఫైనల్ చేరాడు.

అయితే బలమైన ఆటగాడు ఇందులోనూ బలమైనవాడే. పోయేది వల్లెవేత లాభం ఒక్కటే. మంత్రి మూలనున్న ఆ ఆటలోనూ మా అబ్బాయే నెగ్గాడు. కాని మొదటి ఎత్తుకే ఏడు నిమిషాలు తీసుకున్నాడు. కిటికీ వైపు ఈసారి అమ్మాయి చూసింది.