వాస్మి, టైనీవాస్మ్, వెయిన్: చిన్న బోర్డు మీద వెబ్‌అసెంబ్లీ రన్ చేయడానికి ఏది బెటర్?

ఏ ఇంటర్‌ప్రెటర్ ఫాస్ట్ అని అడిగితే చాలామంది వెంటనే ఒక బెంచ్‌మార్క్ చార్ట్ చూపించేస్తారు. ఫోన్ కొనేముందు అంటుటు స్కోర్ చూసినట్టే. కానీ స్కోర్ అదిరిపోయిన ఫోన్ కూడా సాయంత్రానికే ఛార్జింగ్ అయిపోతే ఏం లాభం? ఇక్కడా అంతే. రస్ట్ లాంగ్వేజ్‌లో రాసిన మూడు వెబ్‌అసెంబ్లీ ఇంటర్‌ప్రెటర్లను ఈ ఆర్టికల్‌లో పోల్చి చూద్దాం. అయితే స్పీడ్ ఒక్కటే కాదు, అసలు పనికి ఏది అవసరమో కూడా చూద్దాం.

ఉదాహరణకి నా వీకెండ్ ప్రాజెక్టునే తీసుకుంటాను. బోరు మోటారుకు పెట్టే చిన్న కంట్రోలర్ బోర్డు అది. చిప్ ఈఎస్పీ32-సీ3. సింగిల్ కోర్ రిస్క్-ఫైవ్ ప్రాసెసర్, 160 మెగాహెర్ట్జ్, 400 కేబీ ర్యామ్. వోల్టేజ్ తగ్గితే ఆపాలి, నీళ్లు రాకపోతే ఆపాలి, కరెంట్ వచ్చాక కాసేపు ఆగి స్టార్ట్ చేయాలి. ఈ రూల్స్ ఒక్కో పొలానికి ఒక్కోలా ఉంటాయి. రూల్ మారిన ప్రతిసారీ మొత్తం ఫర్మ్‌వేర్ మార్చకుండా, ఆ రూల్‌ని మాత్రం చిన్న వెబ్‌అసెంబ్లీ ఫైల్‌గా పంపించాలన్నది ఐడియా. వెబ్‌అసెంబ్లీని ముద్దుగా వాస్మ్ అంటారు, నేనూ అలాగే రాస్తాను.

రిస్క్ ఎక్కడంటే, పంపిన రూల్ ఏదైనా లూప్‌లో ఇరుక్కుపోతే "మోటారు ఆపు" అనే ఆర్డర్ రాదు. నీళ్లు లేకుండా మోటారు తిరుగుతూనే ఉంటే వైండింగ్ కాలిపోతుంది. ఆ ఖర్చు రైతు మీద పడుతుంది.

అసలు ఇంటర్‌ప్రెటర్ ఎందుకు?

2017 చివరికల్లా క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారి, ఎడ్జ్ నాలుగింటిలోనూ వాస్మ్ సపోర్ట్ వచ్చేసింది. 2019 డిసెంబర్ 5న డబ్ల్యూ3సీ దాన్ని అధికారిక ప్రమాణంగా ప్రకటించింది. బ్రౌజర్లు వాస్మ్‌ని అప్పటికప్పుడు మెషీన్ కోడ్‌గా మార్చి రన్ చేస్తాయి. దీన్నే జిట్ కంపైలేషన్ అంటాం.

జిట్ అన్నిచోట్లా కుదరదు. మెమరీలో కొత్త కోడ్ రాసి, దాన్నే రన్ చేసే పర్మిషన్ కావాలి. ఐఫోన్‌లో యాప్ స్టోర్ నుంచి వచ్చే మామూలు యాప్‌లకి ఆ పర్మిషన్ ఉండదు. ఇక మన చిన్న చిప్‌లో కంపైలర్ పెట్టడానికి చోటే లేదు. అందుకే ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ చదువుతూ, చేసుకుంటూ పోయే ఇంటర్‌ప్రెటర్ కావాలి.

పోటీలో ఎవరున్నారు?

వాస్మి: ముగ్గురిలో పెద్దన్న. పారిటీ టెక్నాలజీస్‌లో బ్లాక్‌చెయిన్ స్మార్ట్ కాంట్రాక్టుల కోసం పెరిగిన ప్రాజెక్ట్. డాక్యుమెంట్లు తయారుచేసే టైప్‌స్ట్ సాఫ్ట్‌వేర్ తన ప్లగిన్లను దీనితోనే రన్ చేస్తుంది.

టైనీవాస్మ్: పేరులోనే ఉంది. కోడ్ చిన్నగా ఉండాలి, ఆపరేటింగ్ సిస్టమ్ లేని బోర్డుల మీద కూడా నడవాలి అన్నదే లక్ష్యం.

వెయిన్: బయటి లైబ్రరీ ఒక్కటి కూడా వాడకుండా, అన్‌సేఫ్ కోడ్ లేకుండా రాసిన ఇంటర్‌ప్రెటర్. బైనరీ చదవడం, టెక్స్ట్ చదవడం, వాలిడేషన్, ఎగ్జిక్యూషన్ ఇవన్నీ విడివిడి ప్యాకేజీలు.

సీ లాంగ్వేజ్‌లో వాస్మ్3, వామ్ర్ కూడా ఉన్నాయి. వాస్మ్3కి దాదాపు 64 కేబీ కోడ్, 10 కేబీ ర్యామ్ ఉంటే చాలని దాని డాక్యుమెంటేషనే చెబుతుంది. సైజ్ ఒక్కటే కావాలంటే అటు చూడొచ్చు. నా మిగతా ఫర్మ్‌వేర్ రస్ట్‌లో ఉంది కాబట్టి ఈ మూడింటికే పరిమితం అవుతున్నాను.

స్పీడ్ తేడా ఎక్కడ నుంచి వస్తుంది?

వాస్మ్ ఒక స్టాక్ మెషీన్. అంటే పళ్లేల దొంతర లాగా, విలువలు పైన పెట్టడం, పైనుంచే తీయడం. ఎక్స్ = ఏ + బీ అనే చిన్న లైన్‌కి నాలుగు ఇన్‌స్ట్రక్షన్లు పడతాయి:

1. ఏ విలువ తెచ్చి స్టాక్ మీద పెట్టు
2. బీ విలువ తెచ్చి దాని మీద పెట్టు
3. పై రెండూ తీసి కూడి, ఫలితం పెట్టు
4. ఆ ఫలితం తీసి ఎక్స్‌లో దాచు

ప్రాసెసర్‌కి కూడిక పెద్ద పనే కాదు. "తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ ఏంటి?" అని చూసి, దానికి సంబంధించిన కోడ్‌కి జంప్ అవ్వడమే అసలు ఖర్చు. దీన్ని డిస్పాచ్ అంటారు. పైన నాలుగు డిస్పాచ్‌లు అయ్యాయి.

2024లో వచ్చిన 0.32 వెర్షన్ నుంచి వాస్మి ఈ పద్ధతి మార్చేసింది. వాస్మ్ కోడ్‌ని ముందే తన సొంత రిజిస్టర్ ఫార్మాట్‌లోకి అనువదించుకుంటుంది. అప్పుడు అదే లైన్ "ఏ, బీ కూడి ఎక్స్‌లో పెట్టు" అనే ఒకే ఇన్‌స్ట్రక్షన్ అవుతుంది. నాలుగు డిస్పాచ్‌ల చోట ఒక్కటి. లెక్కలు ఎక్కువగా ఉండే కోడ్‌లో వాస్మి ముందుండటానికి ముఖ్య కారణం ఇదే.

వెయిన్ మాత్రం ప్రోగ్రామ్‌ని చెట్టులా చదివి, ఆ చెట్టు మీదే నడుస్తుంది. స్పీడ్ కోసం అయితే ఇది సరైన దారి కాదు, కానీ కోడ్ చదివితే ఇంటర్‌ప్రెటర్ ఎలా పనిచేస్తుందో చక్కగా అర్థమవుతుంది.

స్టార్టప్ టైమ్ సంగతేంటి?

ముందే అనువదించడం ఊరికే రాదు కదా. ఒక్కసారి రన్ చేసి పారేసే ప్రోగ్రామ్ అయితే, అనువాదానికి పట్టిన టైమ్ తిరిగి రాకపోవచ్చు. అందుకే వాస్మిలో మూడు మోడ్‌లు ఉన్నాయి. మొదటిది మొత్తం ముందే అనువదిస్తుంది. రెండోది ముందు చెకింగ్ చేసి, ఏ ఫంక్షన్ పిలిస్తే దాన్ని అప్పుడు అనువదిస్తుంది. మూడోది చెకింగ్ కూడా వాయిదా వేస్తుంది.

మూడోది వినడానికి బాగుంటుంది. కానీ మోటారు బోర్డులో నేను దాన్ని పెట్టను. ఫైల్‌లో తప్పుడు ఫంక్షన్ ఉంటే, అది పిలిచినప్పుడే బయటపడుతుంది. ఆ పిలుపు అర్ధరాత్రి వోల్టేజ్ పడిపోయినప్పుడు వస్తే? ఫైల్ లోడ్ అయినప్పుడే ఎర్రర్ రావడం నయం.

టైనీవాస్మ్‌లో ఇంకో దారి ఉంది. ఒకసారి చదివిన మాడ్యూల్‌ని తన సొంత ఫార్మాట్‌లో దాచుకుని, తర్వాత నేరుగా లోడ్ చేసుకోవచ్చు.

ర్యామ్: ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు

వాస్మ్ మెమరీ పేజీల్లో వస్తుంది. ఒక్కో పేజీ 64 కేబీ. రస్ట్‌తో మామూలుగా కంపైల్ చేసిన వాస్మ్ ఫైల్, స్టాక్ కోసమే 1 ఎంబీ పక్కన పెడుతుంది. డేటాతో కలిపితే సాధారణంగా 17 పేజీలు, అంటే 1088 కేబీ. మన చిప్‌లో ఉన్నదే 400 కేబీ! రెండు లైన్ల రూల్ అయినా సరే, లోడ్ అవ్వదు. ఇంటర్‌ప్రెటర్ ఏదైనా ఇదే కథ.

పరిష్కారం సింపుల్. కంపైల్ చేసేటప్పుడు లింకర్‌కి స్టాక్ సైజ్ తగ్గించమని చెప్పాలి. చిన్న రూల్‌కి 4 లేదా 8 కేబీ స్టాక్ సరిపోతుంది, అప్పుడు మొత్తం ఒక్క పేజీలో ఇమిడిపోతుంది. ఇంటర్‌ప్రెటర్‌ని తిట్టే ముందు ఫైల్ ఎన్ని పేజీలు అడుగుతుందో ఒకసారి చూడండి.

ఫ్యూయెల్: నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది

వాస్మిలో ఫ్యూయెల్ మీటరింగ్ అనే ఫీచర్ ఉంది. బండిలో పెట్రోల్ పోసినట్టు, ప్రోగ్రామ్‌కి ఇంత ఫ్యూయెల్ అని ముందే ఇస్తాం. పని చేసేకొద్దీ అది తగ్గుతుంది. అయిపోతే ప్రోగ్రామ్ ఆగిపోయి, కంట్రోల్ మళ్లీ మన ఫర్మ్‌వేర్ చేతికి వస్తుంది. స్మార్ట్ కాంట్రాక్టుల్లో ఎవరో రాసిన కోడ్ సర్వర్‌ని ఆగకుండా తినేయకూడదని ఈ ఏర్పాటు. నా బోర్డుకి సరిగ్గా ఇదే కావాలి.

చిప్‌లో వాచ్‌డాగ్ టైమర్ ఉంది కదా, అది చాలదా అంటారేమో. వాచ్‌డాగ్ బోర్డు మొత్తాన్ని రీస్టార్ట్ చేస్తుంది, మళ్లీ అదే చెడ్డ రూల్ లోడ్ అవుతుంది. ఫ్యూయెల్ అయితే ఆ రూల్‌ని మాత్రమే ఆపుతుంది. అయితే ఒక్క మాట: ఫ్యూయెల్ అయిపోయాక ఏం చేయాలో మనమే రాయాలి. నా ఫర్మ్‌వేర్‌లో అలా జరిగితే మోటారు ఆఫ్, అంతే.

సేఫ్టీ

రస్ట్‌లో రాశారు కాబట్టి అన్నీ సేఫ్ అనుకోకండి. స్పీడ్ కోసం వాస్మి లోపల కొన్నిచోట్ల అన్‌సేఫ్ కోడ్ వాడుతుంది. వెయిన్ అసలు వాడదు, ఆ మేరకు స్పీడ్ వదులుకుంటుంది. రెండూ తెలిసి చేసిన ఎంపికలే.

ఫైనల్‌గా ఏది తీసుకోవాలి?

- బయటి నుంచి వచ్చే కోడ్, లేదా లెక్కలు ఎక్కువ: వాస్మి
- మీరే రాసిన కోడ్, ఫ్లాష్‌లో చోటు తక్కువ: ముందు టైనీవాస్మ్ ట్రై చేయండి
- వాస్మ్ లోపల ఏం జరుగుతుందో నేర్చుకోవాలి: వెయిన్ సోర్స్ కోడ్ తెరవండి

నేను వాస్మి తీసుకున్నాను. ఫాస్ట్ అని మాత్రం కాదు. నా రూల్ సెకనుకి ఒకసారి నడిస్తే చాలు, ఆ పనికి మూడింటి స్పీడూ ఎక్కువే. మాట వినని కోడ్‌ని మధ్యలో ఆపగలగడమే నాకు కావాల్సింది. మీరు కూడా చార్ట్ తెరిచే ముందు, మీ ప్రాజెక్టులో ఏది ఫెయిల్ అయితే ఎక్కువ నష్టమో ఒక కాగితం మీద రాసుకోండి. ఏది ఎంచుకోవాలో సగం అక్కడే తేలిపోతుంది.