ఉప్పల్ మెట్రోలో పైలట్ పాఠాలు

చిన్నప్పుడు నాచారంలో మా డాబా ఎక్కితే, బేగంపేటలో దిగే విమానాలు నెత్తిమీద నుంచే పోతున్నట్టు ఉండేవి. 2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్ శంషాబాద్‌కు మారింది, డాబా మీద సందడి పోయింది. నా పిచ్చి మాత్రం పోలేదు. ఇరవై ఎనిమిదేళ్లొచ్చాక, ఐటీ జాబ్, ఉప్పల్‌లో ఫ్లాట్, దాని ఈఎంఐ అన్నీ మెడకు తగిలించుకుని, ‘పైలట్ ట్రైనింగ్‌కి పోతా’ అని ఇంట్లో చెప్పాను. ‘నౌకరీ ఇడిసిపెడ్తవా ఏంది?’ అంది అమ్మ.

ఇప్పుడే విడిచిపెట్టను. ఎందుకంటే మొదట చేయాల్సిన పనులకు విమానమే అక్కర్లేదు.

స్టూడెంట్ పైలట్ లైసెన్స్‌కు 16 ఏళ్లు నిండి, టెన్త్ పాసైతే చాలు. అసలు గండం మెడికల్. డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2 పరీక్ష చేయించుకోవాలి. కళ్లు, చెవులు, ఈసీజీ, రక్తం, మూత్రం అన్నీ చూస్తారు. కళ్లజోడు ఉన్నంత మాత్రాన తీసేయరు, దానికీ లెక్కలున్నాయి. రంగు చుక్కల మధ్య అంకె దాగి ఉండే ఇషిహారా ప్లేట్లతోనే భయం. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా పోల్చుకోలేకపోతే అక్కడే కథ అడ్డం తిరగొచ్చు. తమకు ఆ లోపం ఉందని అప్పటిదాకా తెలియనివాళ్లూ ఉంటారు. నా పరీక్ష వచ్చే శనివారం.

కనుక్కుందామని వెళ్లిన ఒకచోట, మెడికల్ ఊసే ఎత్తకుండా అడ్వాన్స్ ఎంత కడతారని అడిగారు. కమర్షియల్ లైసెన్స్ దాకా వెళ్లాలంటే 200 గంటలు ఎగరాలి, ఖర్చు పదుల లక్షల్లో. క్లాస్ 2 చేతికి రాకుండా రూపాయి కూడా కట్టొద్దు. ఎయిర్‌లైన్ ఉద్యోగమే గురి అయితే క్లాస్ 1 కూడా ముందే తేల్చుకోండి. కట్టేముందు ఇంకో ప్రశ్న: ఇవాళ ఎగిరే కండిషన్‌లో ఎన్ని విమానాలున్నాయి, లైన్లో ఎంతమంది ఉన్నారు? బ్రోషర్‌లో ఉన్న ఫొటోల లెక్క కాదు.

మిగతాదంతా చదువే. నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్. కమర్షియల్ పరీక్షల్లో పేపర్‌కి 70 శాతం రావాలి. నాకు మెట్రోనే రీడింగ్ రూమ్. ఉప్పల్‌లో ఎక్కితే స్టేడియం తర్వాత ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్. ఆ సంస్థ దశాబ్దాలుగా భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తోంది. రోజూ దాటే స్టేషనే అయినా, దాంతో నాకేం పనో నావిగేషన్ పుస్తకం తెరిచాకే అర్థమైంది. దిక్సూచి చూపే ఉత్తరం, మ్యాప్‌లో ఉత్తరం ఒకటి కాదు. ఆ తేడా పేరు వేరియేషన్. హైదరాబాద్‌లో అది డిగ్రీ అటూ ఇటూ, ఉండీ లేనట్టే. కొన్ని దేశాల్లో పది డిగ్రీలు దాటుతుంది. ఒక్క డిగ్రీ తప్పితే 60 నాటికల్ మైళ్లు పోయేసరికి ఒక మైలు పక్కకు జరుగుతాం. పది తప్పితే? ఊరే మారిపోతుంది.

రన్‌వే నంబర్ కూడా దిక్సూచి లెక్కే. బేగంపేట రన్‌వేకి ఒక చివర 09, అంటే దాదాపు 90 డిగ్రీలు, తూర్పు ముఖం. రెండో చివర 27, పడమర ముఖం. విమానం గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి, వానాకాలంలో పడమటి గాలి వీస్తే 27 మీద దిగాలి. అంటే తూర్పు నుంచి, మా నాచారం వైపు నుంచి రావాలి. డాబా మీద పిల్లాడికి ఇన్నేళ్లకు జవాబు దొరికింది.

రేడియో భాష మాత్రం బండి మీదే నేర్చుకుంటున్నా. ఉప్పల్ ఎక్స్‌రోడ్ సిగ్నల్ దగ్గర ముందు బండి నంబర్ ప్లేట్ పైకి చదవడమే. టీఎస్ 08 అంటే ‘టాంగో సియెర్రా జీరో ఎయిట్’. మూడు ‘ట్రీ’, అయిదు ‘ఫైఫ్’, తొమ్మిది ‘నైనర్’. గరగరలాడే రేడియోలో ఒక అంకె ఇంకో అంకెలా వినబడకూడదని ఈ తిప్పలు. మొన్న అలా గొణుగుతుంటే వెనక కూర్చున్న చెల్లి వీపు మీద ఒక్కటిచ్చింది.

‘అన్నా, గ్రీన్ పడి ఎంతసేపైంది, పోనియ్యి!’