పిస్టన్‌కీ సిలిండర్‌కీ నడుమ

1913 నాటికి కారు పిస్టన్ అంటే ఎక్కువగా పోత ఇనుమే. లండన్‌లో ఫ్రెంచి డీఎఫ్‌పీ కార్లు అమ్ముతున్న డబ్ల్యూ.ఓ. బెంట్లీ ఒకసారి ఆ కంపెనీకి వెళ్లి, బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టిన చిన్న అల్యూమినియం పిస్టన్‌ను చూశాడు. 88 శాతం అల్యూమినియం, 12 శాతం రాగి కలిపి అసలు పిస్టన్లే పోయించి, కార్లను పందేల్లో పరుగెత్తించాడు. ఆ లోహం తేలిక, వేడిని త్వరగా వదిలేస్తుంది. చిక్కల్లా, వేడెక్కితే ఇనుముకు దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. ఇంజిన్ కట్టేవాళ్లను ఇప్పటికీ వేధించే లెక్క అదే.

టర్బో ఆ లెక్కను ఇంకా బిగించింది. ఇంజిన్ వదిలే పొగతోనే టర్బైన్ తిప్పి లోపలికి గాలిని కుక్కే పద్ధతికి స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బూచీ 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. జనం కొనే కార్లలోకి అది రావడానికి 1962 దాకా పట్టింది. ఆ ఏడాది వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌లో కంప్రెషన్ నిష్పత్తి, అంటే పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నింతలు నొక్కుతుందో ఆ లెక్క, 10.25. ముందే కుక్కిన గాలిని మళ్లీ అంతగా నొక్కితే, స్పార్క్ రగిల్చిన మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. అదే నాకింగ్. దాన్ని ఆపడానికి నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని లోపలికి పంపేవారు. ఆ ట్యాంకు నింపడం చాలామంది మరిచిపోయేవారు. తర్వాత వచ్చిన టర్బో కార్లు చాలావరకు నిష్పత్తినే తగ్గించుకున్నాయి. 1993 నాటి టొయోటా సుప్రా టర్బోలోని 2జేజెడ్ ఇంజిన్‌లో అది 8.5.

ఆ ఇంజిన్‌ను దించి కొత్త పిస్టన్లు వేస్తున్నామనుకుందాం. బోర్ 86 మి.మీ., స్ట్రోక్ 86 మి.మీ.; ఒక్కో సిలిండర్ దాదాపు 500 సీసీ. నిష్పత్తి 8.5 కావాలంటే, పైకొచ్చిన పిస్టన్ మీద మిగలాల్సిన చోటు 66.6 సీసీ; 9 కావాలంటే 62.4. ఈ తేడాకు టీస్పూను కూడా నిండదు. పిస్టన్ తల మీది గుంట కొలతను అంత శ్రద్ధగా చూడాలి. మామూలు పెట్రోలు పోసి బూస్ట్ (టర్బో గాలిని కుక్కే ఒత్తిడి) పెంచాలనుకుంటే నేను 8.5 దాటను.

ఫోర్జ్‌డ్ పిస్టన్లలో రెండు మిశ్రమాలు ప్రసిద్ధం. 4032లో సిలికాన్ సుమారు 12 శాతం. వ్యాకోచం తక్కువ కనుక సిలిండర్ గోడకూ పిస్టన్‌కూ మధ్య తక్కువ సందు చాలు. 2618లో సిలికాన్ నామమాత్రం. నాకింగ్ దెబ్బను పగలకుండా ఓర్చుకుంటుంది కానీ ఎక్కువ సందు అడుగుతుంది, చల్లటి ఇంజిన్‌లో టకటకలాడుతుంది. రోజూ రోడ్డెక్కే కారుకు మొదటిదే మేలు.

పిస్టన్లు చేతికొచ్చాకే బ్లాకును బోరింగ్‌కు ఇవ్వాలి. పిస్టన్ గుండ్రంగా కనిపిస్తుందే గానీ కాదు. కాస్త కోలగా, పైకి సన్నబడేలా చెక్కుతారు. అందుకే తయారీదారు చెప్పిన ఎత్తులో, పిన్నుకు అడ్డంగా మైక్రోమీటర్ పెట్టి, ఒక్కోదాన్నీ విడిగా కొలిచి, ఏది ఏ సిలిండర్‌కో నంబరు వేయాలి.

పిస్టన్ చుట్టూ తొడిగే రింగు రెండు కొసల మధ్య సందు, అంటే రింగ్ గ్యాప్, దగ్గర తొందర అసలు పనికిరాదు. ఈ బోర్‌కు, టర్బో ఇంజిన్‌లో పై రింగుకు సుమారు అర మిల్లీమీటరు వదులుతారు. గ్యాప్ కాస్త ఎక్కువైతే కొంచెం ఒత్తిడి కారుతుంది, అంతే. తక్కువైతే వేడికి రింగు కొసలు ఒకదాన్నొకటి తన్నుకుని, గోడకు బిగుసుకుని, పిస్టన్ అంచునే పెకలిస్తాయి. సిలిండర్‌లోకి దించేటప్పుడు పిస్టన్ మీది బాణం ఇంజిన్ ముందువైపు ఉండాలి. మధ్యలో ఆగిందంటే సుత్తి పిడితో గట్టిగా మోదకూడదు. ఏదో రింగు, రింగులను అదిమి పట్టే కంప్రెసర్ పట్టీ నుంచి జారి బ్లాకు అంచుకు తగిలి ఉంటుంది. బయటికి తీసి, చూసి, మళ్లీ నూనె రాసి దించాలి.