‘బ్యాటరీ పోయింది’ అంటే ఏది పోయినట్టు?

2013లో మన బెంగళూరు పక్కన బిడదిలో కామ్రీ హైబ్రిడ్ తయారీ మొదలైంది. అప్పటి బండ్లు ఇప్పుడు చేతులు మారుతున్నాయి. కొన్నవాళ్ళకి ఉండే పెద్ద భయం బ్యాటరీ. ఓ రోజు ‘చెక్ హైబ్రిడ్ సిస్టమ్’ అని తెర మీద పడుతుంది. మెకానిక్ చిన్న స్కానర్ తగిలిస్తే పి0ఎ80 అనే కోడ్ వస్తుంది. దానికి ఇచ్చిన వివరణ ‘హైబ్రిడ్ బ్యాటరీ ప్యాక్ మార్చండి’ అని. ఇక్కడే చాలామంది నిజంగా మార్చేస్తారు. ఖర్చు మామూలుగా ఉండదు.

అసలు ఆ కోడ్ చెప్పేది అంత పెద్ద మాట కాదు. లోపలి భాగాల మధ్య తేడా హద్దు దాటిందని మాత్రమే. ఆ కామ్రీ ప్యాక్‌లో 34 మాడ్యూళ్ళు వరసగా కలిపి ఉంటాయి. ఒక్కొక్కటి 7.2 ఓల్టులు, మొత్తం 244.8. కంప్యూటర్ వాటిని రెండేసి చొప్పున 17 బ్లాకులుగా గమనిస్తుంది. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి కుంటిదైతే బండి మొత్తం ఆగుతుంది కదా, ఇదీ అంతే. ఏ ఎద్దు కుంటుతోందో చిన్న స్కానర్ చూపించదు. కంపెనీ వాడే టెక్‌స్ట్రీమ్ గానీ, హైబ్రిడ్ కంప్యూటర్‌తో మాట్లాడగల బ్లూటూత్ అడాప్టర్, ఫోన్ యాప్ గానీ కావాలి.

అంతకన్నా ముందు, మల్టీమీటర్‌తో మామూలు 12 ఓల్టుల బ్యాటరీ చూడాలి. అది నీరసించినా హెచ్చరిక దీపాలన్నీ దీపావళి చేస్తాయి. వెనక సీటు వైపున్న గాలి జాలీ కూడా చూడాలి. దుమ్ము పట్టినా, సంచీ అడ్డం పెట్టినా ప్యాక్ వేడెక్కుతుంది.

ఇక బ్లాకుల సంగతి. బండి నిలబడి ఉన్నప్పుడు అన్నీ ఒకేలా, బుద్ధిమంతుల్లా కనిపిస్తాయి, దాన్ని నమ్మకూడదు. ఎక్కం మీద గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చూడాలి. ప్రతిసారీ అదే బ్లాకు మిగతావాటికన్నా ఓల్టు పైగా పడిపోయి, బ్రేకు వేసి చార్జి ఎక్కేటప్పుడు అదే అందరికన్నా ముందు పైకి లేస్తే, దాని సత్తువ అయిపోయినట్టే. అలా కాక పక్కపక్క బ్లాకుల్లో ఒకటి ఎంత తక్కువ చూపిస్తే రెండోది అంత ఎక్కువ చూపిస్తోందా? అప్పుడు మాడ్యూల్ని కాదు, కొలిచే తీగని అనుమానించాలి. రాగి పట్టీల మీద, తీగల కొసల్లో పచ్చగా చిలుము పట్టి ఉండొచ్చు.

చూడటం వరకే మన పని. ప్యాక్ విప్పటం మాత్రం ఇంట్లో చేసేది కాదు. నారింజ రంగు తీగల్లో ప్రాణం తీసే కరెంటు ఉంటుంది. ఇన్సులేటెడ్ గ్లవ్స్ వేసుకుని, సర్వీస్ ప్లగ్ లాగి, పది నిమిషాలు ఆగాకే పనివాళ్ళు ముట్టుకుంటారు. ప్లగ్ తీసినా ప్యాక్ లోపల ఓల్టులు పోవు, రెండు ముక్కలుగా విడిపోతాయంతే.

ఒక్క మాడ్యూల్ మారిస్తే చాలు అనేవాళ్ళనీ పూర్తిగా నమ్మలేం. పదేళ్ళు దాటిన ప్యాక్‌లో మిగతా 33కీ అదే వయసు. నాలుగైదు బ్లాకులు ఊగుతుంటే మొత్తం మార్చటమే చవక. మెకానిక్ ఏది చెప్పినా, “లోడ్ మీద బ్లాకుల ఓల్టేజీ ఒకసారి చూపించండన్నా” అని అడగండి. ఆడపిల్లలకి ఇవన్నీ ఎందుకమ్మా అంటే, బిల్లు కట్టేది మేమే కదా అనండి.