పరాయి జీవి ఎవరు?
(గ్రహాంతర కథ, గుర్రపు డెక్క, మన రచయిత)

గ్రహాంతర జీవి కథలకు ఒక మూస ఉన్నది. జనం మసలే చోటుకు దూరంగా ఒక పనిస్థలం: గనో, రిఫైనరీయో, సరుకు ఓడో. అందులో గుప్పెడుమంది పనివాళ్లు. ఎక్కడినుంచో వచ్చిన జీవి ఒకటి వాళ్ల మధ్య చేరుతుంది. చూస్తుండగానే పెరుగుతుంది. ఒక్కొక్కరినీ పొట్టన పెట్టుకుంటుంది. కథ ముగిసేసరికి ఒకరో ఇద్దరో మిగులుతారు.

మన యువ రచయితలు ఈ మూసను సినిమాల నుంచి తెచ్చుకుంటున్నారు. తేవటంలో తప్పులేదు. కథావస్తువుకు సరిహద్దులు ఉండవు. అయితే తెచ్చేటప్పుడు భయాన్ని తెచ్చుకొని, ఆ భయానికి మూలమైన ప్రశ్నను అక్కడే వదిలేసి వస్తున్నారు. ఆ జీవి అక్కడికి ఎలా వచ్చింది? దాని వల్ల ఎవరికి లాభం? ఎవరి ప్రాణానికి వెల లేదు? ఈ మూడు ప్రశ్నలూ లేకపోతే మిగిలేది దయ్యం కథే. దయ్యానికి శాస్త్ర పరిభాష తొడిగినంత మాత్రాన అది వైజ్ఞానిక కథ కాదు.

ఈ ప్రశ్నలను మంచి రచనలు ఎలా వేశాయో ముందు చూద్దాం. ఆ తరువాత తెనాలి, రేపల్లె, బాపట్ల మధ్య కాలువలలో నిజంగానే పెరుగుతున్న ఒక పరాయి జీవి దగ్గరకు వద్దాం.

1

హెచ్.జి. వెల్స్ రాసిన 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' నవల 1898లో పుస్తకంగా వచ్చింది. అంగారక గ్రహవాసులు ఇంగ్లండు మీద దండెత్తుతారు. అందరికీ గుర్తుండేవి వాళ్ల యంత్రాలు. వాళ్లతోపాటు వచ్చిన ఒక ఎర్రని కలుపుమొక్కను చాలామంది మరచిపోతారు. నీరు తగిలితే చాలు, ఆ మొక్క విపరీతంగా అల్లుకుపోతుంది. థేమ్స్ నదినే కప్పేస్తుంది. చివరికి సూక్ష్మజీవుల తాకిడికి కుళ్లి నశిస్తుంది. వెల్స్ కేవలం ఊహాశక్తి చూపటానికి ఈ నవల రాయలేదు. యూరపు వలసవాదులు టాస్మేనియా ఆదివాసులను తుడిచిపెట్టిన సంగతిని ఆయన మొదటి అధ్యాయంలోనే ఎత్తుతాడు. మనం ఇతరులకు చేసింది మనకు జరిగితే ఎలా ఉంటుందని తన దేశపు పాఠకుణ్ణి నిలదీస్తాడు. సామ్రాజ్యం తన నేరాన్ని తలకిందులుగా చూసుకున్న అద్దం ఆ నవల.

జాన్ కాంప్‌బెల్ 1938లో రాసిన 'హూ గోస్ దేర్?' కథ అంటార్కిటికాలోని పరిశోధనా కేంద్రంలో జరుగుతుంది. అందులోని జీవి ఏ మనిషి రూపాన్నయినా ధరించగలదు. కాబట్టి ప్రతివాడూ పక్కవాణ్ణి అనుమానిస్తాడు. 1951లో ఈ కథ ఆధారంగా అమెరికాలో సినిమా వచ్చింది. అవి ప్రచ్ఛన్న యుద్ధపు రోజులు. బయటివాడు చొరబడుతున్నాడన్న భయం అప్పటి అమెరికాలో రాజకీయ సరుకు కూడా. అంటే ఇదే మూస పాఠకుణ్ణి ఆలోచింపజేయగలదు, వేటకుక్కగానూ మార్చగలదు. మూస తటస్థమైనదే. దానికి దృక్పథం ఇచ్చేవాడు రచయిత.

1979 నాటి 'ఏలియన్' సినిమాను మన కుర్రవాళ్లు చాలామంది చూసి ఉంటారు. అందులోని వర్గ సంబంధాలను చూసినవారు తక్కువ. నోస్ట్రోమో అనే ఆ ఓడ యుద్ధనౌక కాదు. ఒక కంపెనీ తరఫున రిఫైనరీనీ, 2 కోట్ల టన్నుల ఖనిజాన్నీ లాక్కుపోయే సరుకు ఓడ. సిబ్బంది ఏడుగురు. కథ మొదట్లోనే ఇంజన్ గదిలో పనిచేసే ఇద్దరు తమ వాటా సంగతి ఎత్తుతారు. జీవి ఇంకా కనిపించనే లేదు, కూలి తగాదా అప్పటికే ఉన్నది. తరువాత బయటపడే నిజం ఏమిటంటే, ఆ జీవిని పట్టుకురమ్మని కంపెనీయే రహస్యంగా ఆదేశించింది. సిబ్బంది పోయినా ఫరవాలేదన్నది ఆ ఆదేశం. శాస్త్రజ్ఞుడిగా ఓడలో ఉన్నవాడు కంపెనీ పెట్టిన మరమనిషి. ఆ ఓడ పేరు జోసెఫ్ కాన్రాడ్ 1904లో వెలువరించిన నవల పేరు. అది దక్షిణ అమెరికాలోని ఒక కల్పిత దేశంలో వెండిగని చుట్టూ తిరిగే నవల. విదేశీ పెట్టుబడి, గని, దాన్ని కాపాడే నమ్మకస్తుడైన పనివాడు అందులో ఉన్నారు. పేరు ఊరికే పెట్టలేదు.

జీవికి ఆకలి మాత్రమే ఉన్నది. లెక్క వేసింది కంపెనీ. కథకు బలం ఈ తేడాలో ఉన్నది.

2

ఇక మన ప్రాంతానికి వద్దాం. కృష్ణా పశ్చిమ డెల్టా ప్రకృతి ఒక్కటే ఇచ్చినది కాదు. 1852-55 మధ్య బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టారు. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చింది. కుడిగట్టున బయలుదేరిన పెద్దకాలువ దుగ్గిరాల దగ్గర చీలుతుంది. మూడు కాలువలు తెనాలి ఊరి నడుమనుంచి పోతాయి. ఒకటి నిజాంపట్నం దిక్కు నడుస్తుంది. బ్యాంకు కాలువ రేపల్లె వైపు, కొమ్మమూరు కాలువ బాపట్ల వైపు నీళ్లిస్తాయి. పొలం వదిలిన నీటిని నల్లమడ, రొంపేరు వంటి మురుగు కాలువలు సముద్రానికి మోస్తాయి. లాకులు, తూములు, తలుపులు, గేజీలు, వాటిని కనిపెట్టుకుని ఉండే లస్కర్లు. ఇదంతా ఆరుబయట నడిచే పెద్ద కర్మాగారం. అందులో తయారయ్యే సరుకు ధాన్యం.

ఈ కర్మాగారంలో చొరబడిన జీవి గుర్రపు డెక్క. పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ పరీవాహక ప్రాంతం. ఊదారంగు పువ్వు అందంగా ఉన్నదని తోటల కోసం దేశదేశాలకు మోసుకుపోయారు. 19వ శతాబ్దం చివరికి బెంగాల్ చేరింది. పువ్వు తోటలో ఆగలేదు.

దీని పెరుగుదల ఏ సినిమా జీవికీ తీసిపోదు. తల్లిమొక్క నీటిమీద అడ్డంగా తీగ సాచి పిల్లమొక్కను పుట్టిస్తుంది. అనుకూలమైన నీటిలో దాదాపు రెండు వారాలకు మొక్కల సంఖ్య రెట్టింపవుతుంది. రెండు వారాలకు ఒక రెట్టింపు అనుకుంటే, అడ్డు లేనిచోట ఒక్క మొక్క ఐదు నెలలలో వెయ్యి దాటుతుంది, పది నెలలలో పది లక్షలు దాటుతుంది. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు మొక్క ఎండిపోవచ్చు. కాని విత్తనం అడుగు బురదలో పదిహేను ఇరవై ఏళ్లు బతికి ఉండగలదు. నీళ్లు వదిలితే మళ్లీ మొలుస్తుంది. దీనికి గిట్టనిది ఉప్పు. సముద్రపు పోటు తగిలే మొగల దగ్గరకు కొట్టుకుపోయిన డెక్క అక్కడే మాడి చస్తుంది. వెల్స్ మొక్కను సూక్ష్మజీవి చంపితే, దీనిని సముద్రం చంపుతుంది. ఈలోగా పైన ఇంకొకటి పుట్టి ఉంటుంది.

ఇంత బలం దీనికి ఎక్కడిది? శాస్త్రం చెప్పే జవాబు సూటిగా ఉన్నది: నీటిలో కరిగిన నత్రజని, భాస్వరం. అవి ఎక్కడివి? పొలాల నుంచి జారిన ఎరువు, చేపల, రొయ్యల చెరువుల నుంచి వదిలిన నీరు, పట్టణాల మురుగు. అంటే రాక్షసికి మేత వేస్తున్నది మనమే. మేత మాన్పించకుండా రాక్షసిని మాత్రమే నరుకుతూ ఉంటే ఆ పనికి అంతు ఉండదు. అంతులేని పనికి అంతులేని కాంట్రాక్టులు ఉంటాయి.

3

సిబ్బంది సంగతి చూద్దాం. డెక్క పేరుకున్న కాలువలో నీరు నడవదు. ఎగువన గట్టు తెగుతుందేమోనన్న భయం, దిగువన శివారు భూములకు నీరందదన్న దిగులు. వానాకాలంలో మురుగు కాలువ మూసుకుంటే చేను మునుగుతుంది. దట్టంగా కప్పిన డెక్క కింద వెలుతురూ ప్రాణవాయువూ తగ్గి చేప చస్తుంది, దోమ పెరుగుతుంది. అప్పుడు కూలీలను దింపుతారు. నడుముల్లోతు నీటిలో కొడవలీ, వెదురుకర్రా, మోకూ పట్టుకుని దిగాలి. కింద గాజుపెంకులు, జలగలు, పాములు. ఆ మొక్కలో నూటికి సుమారు 95 వంతులు నీరే. రోజంతా మనిషి ఒడ్డుకు మోసేది నీటి బరువు. గట్టున పోసిన ముక్కల్లో బతికినవి వానకు జారి మళ్లీ కాలువలో పడితే అక్కడే తిరిగి వేళ్లూనుకుంటాయి. ఇప్పుడు పొక్లెయిన్లు వచ్చాయి. యంత్రం చెయ్యి అందని తూము నోటి దగ్గరకు మనిషే పోవాలి.

మందు కొట్టవచ్చు. చచ్చిన డెక్క మునిగి అక్కడే కుళ్లుతుంది. ఈ కాలువ నీటితోనే ఊళ్ల మంచినీటి చెరువులు నింపుతారన్నది మరచిపోరాదు. శత్రుకీటకాల దారి కూడా ఉన్నది. 1980ల తొలి సంవత్సరాలలో ముక్కుపురుగులను బెంగుళూరుకు తెప్పించి, పరీక్షించి, చెరువులలో వదిలారు. అక్కడ మంచి ఫలితాలు వచ్చాయి. పురుగు ఆకును గీరుతుంది, దాని పిల్ల కాడను తొలుస్తుంది. దానికి ఏళ్లు కావాలి. ఏటా ఎండగట్టే కాలువలో ఆ పురుగు నిలదొక్కుకోలేదు.

పారిశ్రామిక స్థలంలో పరాయి జీవి అన్న మాట అక్షరాలా నిజమైన ఘట్టం ఆఫ్రికాలో ఉన్నది. 1980ల చివర విక్టోరియా సరస్సులో డెక్క కనిపించింది. కొద్ది ఏళ్లలోనే తీరాలను కప్పేసింది. ఉగాండాలోని జింజా దగ్గర ఓవెన్ ఫాల్స్ జలవిద్యుత్ కేంద్రానికి నీళ్లు వచ్చే మార్గాలలో అది అడ్డంపడితే, తొలగించటానికి యంత్రాలను ఆపవలసి వచ్చింది. ఒక పువ్వు విద్యుత్తును ఆపింది! ఇందులో కథ లేదనగల రచయిత ఎవరు?

బెంగాల్ అనుభవం ఇంకో పాఠం. అక్కడ 1936లో గుర్రపు డెక్క మీద ప్రత్యేకంగా చట్టమే చేశారు. తన స్థలంలో డెక్క ఉంటే దానిని నాశనం చేయవలసిన బాధ్యత ఆ స్థలంలో ఉన్నవాడిది. మొక్కను తెచ్చినవాడు రైతు కాదు. పీకవలసినవాడు మాత్రం రైతే. 1937 ఎన్నికలలో డెక్క నిర్మూలన ఒక వాగ్దానం కూడా అయింది. నోస్ట్రోమో ఓడలోని లెక్కకూ దీనికీ పోలిక లేదంటారా?

4

సాహిత్య విద్యార్థులు పేర్లను గమనించాలి. బెంగాలీ జనం దీనిని 'జర్మన్ పానా' అన్నారు. మొదటి ప్రపంచయుద్ధ కాలపు అనుమానం ఆ పేరులో గడ్డకట్టుకుని ఉన్నది. మనవాళ్లు ఆకు ఆకారం చూసి గుర్రపు డెక్క అన్నారు. పరాయితనం సంగతి ఎత్తలేదు. 1950లలో మన దేశంలో వ్యాపించటం మొదలైన పార్థీనియానికి కాంగ్రెస్ గడ్డి అని పేరు. దాని రాకను అమెరికా గోధుమలతో ముడిపెట్టి చెప్పుకోవటం అందరికీ తెలిసిందే. అదే మొక్కకు వయ్యారిభామ అన్న పేరూ ఉన్నది. బాపట్ల, నిజాంపట్నం వైపు ఇసుకనేలల్లో కనిపించే మెక్సికో తుమ్మ సర్కారు తుమ్మ అయింది. ఎవరు నాటించారో ఆ పేరే చెబుతుంది. జనం పెట్టిన పేరు తరచుగా మొదటి విమర్శ.

సర్కారు తుమ్మ పంటనేలను ఆక్రమించే మాట నిజం. పేదయింటి పొయ్యిలో మండే పుల్లా అదే, బొగ్గుబట్టీ వాడి బతుకుతెరువూ అదే. ఒకే జీవి ఒక వర్గానికి నష్టం, ఇంకో వర్గానికి కూడు. ఈ వైరుధ్యాన్ని పట్టుకున్న కథకు రాక్షసి అవసరం లేదు.

5

ఇక ఒక హెచ్చరిక. ఈ మధ్య కవితలలోనూ, ఉపన్యాసాలలోనూ గుర్రపు డెక్క ఉపమానంగా ఎక్కువగా కనిపిస్తున్నది. అవినీతికి వాడితే వాడవచ్చు. కాని వలస వచ్చిన మనుషుల మీద వాడుతున్నవారున్నారు. 'డెక్కలాగా అల్లుకుపోయారు' అన్న మాట వినటానికి పదునుగా ఉంటుంది. అది శాస్త్రరీత్యా తప్పు, రాజకీయంగా నేరం. మనిషి జాతి ఒక్కటే. కోతలకు పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలీ ఏ కాలువకూ అడ్డు కాదు. కాలువలో దిగి డెక్క తీసేది చాలాసార్లు అతని వంటివాడే. పీకేవాణ్ణి మొక్కతో పోల్చటం కంటే ఘోరమైన అలంకారం ఉంటుందా? విద్యార్థులకు ఉపమాలంకారం చెప్పేటప్పుడు ఉపమేయ ఉపమానాలకు సమానధర్మం ఉండాలంటాం. ఇక్కడ సమానధర్మం ఏమిటని అడిగితే చాలు, అలంకారం కూలిపోతుంది.

తెనాలిలో 1909లో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు జీవితమంతా శాస్త్రీయ దృక్పథం కోసం వాదించారు. శాస్త్రీయ దృక్పథం అంటే కథలో రాకెట్టు ఉండటం కాదు. కారణాన్ని వెతకటం. ఆ దృష్టితో డెల్టా కాలువను చూసిన రచయితకు పాత్రలు సిద్ధంగా ఉన్నాయి: నీరందని శివారు రైతు, తూము దగ్గర లస్కరు, నడుముల్లోతులో దిగిన కూలి మనిషి, బిల్లు రాసే కాంట్రాక్టరు, ఎరువుల కొట్టు, రొయ్యల చెరువు యజమాని, పురుగును పెంచే శాస్త్రజ్ఞుడు. కావలసింది పరిశీలన. రాయబోయేవారు ముందు గట్టు మీద నాలుగు రోజులు నడవాలి. డెక్క తీసే కూలికి రోజుకు ఎంత ఇస్తున్నారో, మస్తరులో ఎంత రాస్తున్నారో అడగాలి. ఎరువు ఎక్కడ కరుగుతున్నదో, మురుగు ఎక్కడ కలుస్తున్నదో చూడాలి. గ్రహాంతర కథే రాయాలనుకుంటే రాయండి, అడ్డు లేదు. కాని ఆ కథలోని కంపెనీకి ముఖం ఉండాలి, సిబ్బందికి కూలి లెక్క ఉండాలి, జీవికి మేత ఎవరు వేశారో తెలియాలి.