గుంజ చుట్టూ దారం

మా ఇంటికి క్రోషియా నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలు మొదట అడిగేది ఒకటే. "ఆంటీ, ఆ ఉబ్బెత్తు డిజైన్ ఎట్ల వస్తది? దానికి వేరే సూది ఉంటదా?" సూది అదే, ఊలు అదే, కుట్టు కూడా అదే. సూది దూర్చే చోటు ఒక్కటే మారుతుంది. ఈ చిన్న సంగతి నా చేతికి తెలిసేసరికి ఇరవై ఏళ్లు పట్టింది. నేర్పేవాళ్లుంటే ఒక పూటలో వచ్చే పని ఇది. అందుకే నిదానంగా చెప్పాలనిపించింది.

మాది సిద్దిపేట. బ్లౌజులు కుట్టడం నా పని. పెళ్లయిన కొత్తలో మా పక్క పోర్షన్‌లోకి నరసాపురం దగ్గరి ఊరి భార్యాభర్తలు అద్దెకు దిగారు. ఆయనకు ఇక్కడికి బదిలీ అయింది. ఆవిడను నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని, ఆవిడ నన్ను అమ్మాయ్ అనేది. మధ్యాహ్నం అంట్లు తోమడం కాగానే ఒళ్లో తెల్లదారం ఉండ పెట్టుకుని గడపలో కూర్చునేది. చేతిలో సన్నటి స్టీలు సూది, దాని కొసన కంటికి ఆననంత చిన్న కొక్కెం. మాట్లాడుతూనే ఉండేది, సాయంత్రానికి ఏడెనిమిది పూలు పళ్లెంలో పడేవి. వాళ్ల వైపు ఒకరు పూలు అల్లితే ఇంకొకరు వాటిని కలుపుతారట. ఆ కలిపే పనిని అతుకుపని అంటారని ఆవిడే చెప్పింది. నాకు గొలుసు వేయడం నేర్పిందీ ఆవిడే.

"లెక్క పెట్టకు అమ్మాయ్, కిందికి చూడు. ఏం చెయ్యాలో కింద వరసే చెబుతుంది" అనేది. అప్పట్లో నాకు ఆ మాట ఎక్కలేదు. లెక్క పెట్టుకుంటూనే అల్లాను. టీవీ మీద కప్పే గుడ్డలు, గుమ్మానికి తోరణాలు, దిండు గలేబుల అంచులు, అన్నీ లేసే. పలచగా, అన్నీ కంతలే.

ఐదేళ్ల కింద మా అక్క బిడ్డకు జనవరిలో కాన్పు అని తెలిసింది. సిద్దిపేటలో జనవరి చలి ఎట్లుంటుందో కోమటిచెరువు కట్ట మీద తెల్లారగట్ల నడిచినవాళ్లకు చెప్పనక్కర్లేదు. బిడ్డకు ఒక దుప్పటి అల్లి ఇవ్వాలనుకున్నాను. లేసు పనికిరాదు. పసిపిల్లల వేళ్లు ఆ కంతల్లో ఇరుక్కుంటాయి, పైగా వెచ్చదనం ఉండదు. దట్టంగా, మెత్తగా, మందంగా ఉండేది కావాలి.

మందం అంటే నాకు తెలిసింది మా తాత గొంగడి. దక్కనీ గొర్రెల ఉన్ని, కురుమలు నేసింది. మగ్గం మీద పడుగుకు చింతగింజల గంజి పెడతారు, దాంతో గొంగడి మొదట్లో బిర్రుగా ఉంటుంది. వాన పడ్డా నీళ్లు పైపైన జారిపోయేవి. తాత పొలం కాడికి పోతే నెత్తి మీద అదే, పండుకుంటే ఒంటికింద అదే. కానీ చంటిదాని చర్మానికి అది గుచ్చుకుంటుంది. గొంగడిలో ఉన్న వెచ్చదనం కావాలి, ఆ గరుకు వద్దు. అట్లా వెతుకుతుంటే ఫోన్‌లో ఒక వీడియోలో వాఫుల్ స్టిచ్ కనిపించింది. బట్ట నిండా చదరపు గుంటలు, గుంట చుట్టూ లేచిన అంచు. నా కంటికి గట్లు వేసిన వరి మడుల్లా ఉన్నాయి. మా దగ్గర దానికి మడుల డిజైన్ అనే పేరే నిలబడిపోయింది.

వీడియో చూసి వారం పాటు అల్లాను, విప్పాను. ఒక తిరకాసు ముందే చెప్పాలి. అమెరికావాళ్లు డబుల్ క్రోషే అనేదాన్ని బ్రిటన్‌వాళ్లు ట్రెబుల్ అంటారు. బ్రిటన్‌వాళ్ల డబుల్ ఏమో అమెరికావాళ్ల సింగిల్. ఏ వీడియో ఎవరిదో తెలియకపోతే మీ తప్పు లేకుండానే బట్ట పాడవుతుంది. నేను చెప్పేదంతా అమెరికా లెక్క.

మామూలు డబుల్ ఎట్లా వేస్తామో చూడండి. సూదికి దారం ఒకసారి చుట్టి, కింది వరస కుట్టు నెత్తిన జడలాగా కనిపించే రెండు పోగుల కింద నుంచి సూది దూర్చి, దారం లాగుతాం. సూది మీద మూడు ఉచ్చులు నిలుస్తాయి. మళ్లీ దారం వేసి రెండింట్లోంచి, ఇంకోసారి వేసి మిగిలిన రెండింట్లోంచి లాగితే అయిపోయింది. ఇప్పుడు ఆ కుట్టును పరీక్షగా చూస్తే పైన జడ, కింద నిలువుగా ఒక కాడ ఉంటాయి. ఇంగ్లిష్‌లో పోస్ట్ అంటారు. పందిరికి పాతిన గుంజలా నిటారుగా ఉంటుంది కాబట్టి నేను గుంజ అంటాను.

ఉబ్బెత్తు కుట్టుకు నెత్తిన జడను ముట్టుకోవద్దు. దారం చుట్టుకున్న సూదిని గుంజకు కుడిపక్కన ముందు నుంచి వెనక్కి పోనిచ్చి, గుంజ వెనకాల నుంచి తిప్పి, ఎడమపక్కన మళ్లీ ముందుకు తీయాలి. గుంజ మొత్తం సూది మీద అడ్డంగా పడుకున్నట్టు కనిపిస్తుంది. అప్పుడు దారం లాగి, మిగతాదంతా మామూలు డబుల్ లాగే పూర్తి చేయాలి. కొత్త కుట్టు పాత కుట్టును కౌగిలించుకుని ముందుకు లేస్తుంది. వదిలేసిన జడ వెనక్కి మడత పడుతుంది. మీరు వేలితో తడిమితే తగిలే ఎత్తు అదే.

చిన్న ముక్క అల్లి చూడాలనుకుంటే 32 గొలుసులు వేయండి. సూది నుంచి నాలుగో గొలుసులో మొదటి డబుల్ వేసి, చివరిదాకా గొలుసుకొకటి వేసుకుంటూ పోండి. వదిలేసిన మూడు గొలుసులను ఒక కుట్టుగా లెక్కిస్తే మొత్తం 30 అవుతాయి. ఎంత వెడల్పు అల్లినా కుట్ల సంఖ్య మూడుతో భాగం పోవాలి. రెండో వరసకు తిప్పి, రెండు గొలుసులు వేసి దాన్నే అంచు కుట్టుగా లెక్కించండి. తర్వాతి కుట్టు గుంజ చుట్టూ ఒకటి, ఆ పక్కన మామూలువి రెండు. ఇదే వరస చివరిదాకా. ఆఖరున గుంజ చుట్టూ ఒకటి వేసి, అంచున మామూలుది ఒకటి. మూడో వరసలో ఇది తిరగబడుతుంది. అంచు తర్వాత, కింద గుంజ కుట్టు ఉన్న చోట మామూలుది, మామూలువి రెండు ఉన్న చోట రెండూ గుంజ చుట్టూ. చివర మామూలువి రెండు మిగులుతాయి. ఈ రెండు వరసలే మళ్లీ మళ్లీ.

మూడో వరసలో మనం బట్ట వెనకవైపు నుంచి అల్లుతున్నాం. అటు నుంచి ముందుకు లాగిన జంట, ఇటు నుంచి చూస్తే లోపలికి కుంగుతుంది. నిలువు గట్టు ఒక వరస ఇస్తే మడి లోతు రెండో వరస ఇస్తుంది. నాలుగు వరసలు అయ్యేదాకా ఏమీ కనపడదు. వారం పాటు నేను విప్పింది అందుకే. తప్పు చేశానేమో అనుకుని ప్రతిసారీ మూడో వరసలోనే విప్పేశాను. ఒక రాత్రి విసుగొచ్చి ఆగకుండా అల్లుతూ పోతే, ఆరో వరసలో మడులు లేచి కూర్చున్నాయి. పిన్నిగారి మాట అప్పుడు గుర్తొచ్చింది. కింద గుంజ కుట్టు కనిపిస్తే మామూలుది, మామూలు కుట్టు కనిపిస్తే గుంజ. లెక్కతో పనే లేదు.

ఊలు ఎంత పడుతుందో కూడా చెప్పాలి. అదే కొలతకు మామూలు డబుల్ కంటే ఇది బాగా ఎక్కువ తింటుంది, ఎందుకంటే చాలా దారం ఎత్తులోకి, మడతలోకి పోతుంది. ఒకటి రెండు ఉండలు ఎక్కువే తెచ్చుకోండి, అదీ ఒకేసారి. మళ్లీ వెళ్తే ఆ రంగు చాయ దొరకదు. సూది కాస్త పెద్దది పట్టాలి. నేను 5 మి.మీ. వాడతాను. చిన్న సూదితో గట్టిగా లాగి అల్లితే బట్ట అట్టలా నిలబడుతుంది, ఒంటికి చుట్టుకోదు. ఆ గుంటల్లో గాలి నిలుస్తుంది, వెచ్చదనమంతా అక్కడే.

మొదటి దుప్పటిని నేను చేజేతులా పాడు చేశాను. అంచులు కొద్దిగా వంకర ఉన్నాయని, బ్లౌజులకు చేసే అలవాటు కొద్దీ ఇస్త్రీ పెట్టాను. నేను కొన్నది ఆక్రిలిక్ ఊలు, అంటే ప్లాస్టిక్ జాతి దారం. వేడికి ఒక మూల చాపలా అణిగిపోయింది. ఉతికినా, ఆరేసినా, వేళ్లతో లాగినా ఆ మడులు మళ్లీ లేవలేదు. అల్లినంత శ్రద్ధగా దాన్ని విప్పి, ఆ మూల ఊలు పారేసి, మళ్లీ అల్లాను. కాన్పుకు అప్పటికి తొమ్మిది రోజులే ఉంది. తడిపి, సరిగ్గా పరిచి, నీడన ఆరబెడితే అంచులు వాటంతటవే సర్దుకుంటాయని తర్వాత తెలిసింది.

ఆ దుప్పటి చూసి ఎరుకైన ఒకావిడ అట్లాంటిదే కావాలంది. ఊలు ఖర్చు, మూడు వారాల మధ్యాహ్నాలు కలిపి ఒక ధర చెప్పాను. "ఇంట్ల ఖాళీగ కూర్చొని అల్లిందే కదా అక్కా" అంది. ఆ మాట నాకు చాలా రోజులు నొప్పిగా ఉంది.

పిన్నిగారి వైపు, గోదావరి జిల్లాల ఆడవాళ్లు ఈ మాటను తరాలుగా వింటున్నారు. 1844 ప్రాంతంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు ఈ క్రోషియా అల్లికను అటు తెచ్చారని చెబుతారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఐర్లండ్‌లో బంగాళదుంప పంట కుళ్లి కరువొస్తే, అక్కడి ఆడవాళ్లు క్రోషియా అల్లి పొట్ట పోసుకున్నారు. ఐరిష్ లేసులో గులాబీ రేకులు ఒకదాని మీద ఒకటి ఉబ్బెత్తుగా లేస్తాయి. అంటే మన చేతికి కొత్తగా తోచే ఈ ఎత్తుపల్లాలు అక్కడ కరువు కాలపు పనితనం. నరసాపురం లేసు మాత్రం పడవలెక్కి దేశాలు దాటింది, అల్లినవాళ్ల పేరు దాటలేదు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు అక్కడి ఇళ్లలో తిరిగి, 1982లో ఒక పుస్తకమే తెచ్చారు. గంటల తరబడి పని చేసే ఆ స్త్రీలను తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టడం వల్లే కూలి అంత తక్కువగా ఉందని ఆమె తేల్చి చెప్పారు. నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా సిద్దిపేట గొల్లభామ చీరకు అంతకు ముందే వచ్చింది. తలపై కుండ మోస్తున్న ఆ భామను మగ్గం మీద విడిపోగులతో తీర్చే నేతన్నను ఎవరూ ఖాళీగా కూర్చున్నాడనరు. క్రోషియాను మాత్రం అంటారు. అల్లికల యంత్రాలు స్వెటర్లు అల్లుతాయి, లేసు పోలికలు దించుతాయి. అసలైన క్రోషియా కుట్టు వేసే యంత్రం ఇంతవరకు బజారులోకి రాలేదు. మీ చేతిలో క్రోషియా ముక్క ఉందంటే, ఒక మనిషి దాని మీద ఒక్కో కుట్టుకూ వంగి కూర్చున్నట్టే లెక్క. అందుకే ధర తగ్గించలేదు. దుప్పటి అడిగినావిడ కొనలేదు. ఫరవాలేదు.

అక్క బిడ్డ కూతురికి ఇప్పుడు నాలుగు నిండాయి. దుప్పటి పొట్టిదైపోయింది, అయినా అది లేకపోతే పండుకోదు. నిద్ర పట్టేదాకా బొటనవేలితో ఒక్కో మడిలోకి దిగి, గట్టెక్కి, పక్క మడిలోకి పోతుంటుంది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు అది చూస్తూ నేనూ పక్కన పడుకున్నాను.

నిన్న కొత్తగా చేరిన ఇంటర్ పిల్ల మూడో వరసలో ఆగి, ముఖం చిన్నబుచ్చుకుని, విప్పడానికి దారం కొస పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇంకో మూడు వరసలు పోనియ్ బిడ్డా. కిందికి చూస్తూ పో."